ఎత్తుకోని మంగళం

గత నెల ఒక బుధవారం ఉదయం తొమ్మిది గంటల పది నిమిషాలకు అరసవల్లిలో మా ఇంటి గుమ్మం దిగాను. తొమ్మిది ఇరవై రెండుకు ఆటో దొరికింది. తొమ్మిది నలభై ఏడుకు శ్రీకాకుళం కాంప్లెక్సులో నరసన్నపేట బస్సు ఎక్కాను. పది నలభై ఒకటికి దిగాను. దిగిన చోటు నుంచి నేను వెళ్లవలసిన ఇంటికి నాలుగు వందల యాభై మీటర్లు. ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఆరు నిమిషాల నడక, నా ఎడమ మోకాలితో పదకొండు నిమిషాలు. గుమ్మం నుంచి గుమ్మానికి ఫోను చూపిన మొత్తం దూరం ఇరవై ఆరు కిలోమీటర్ల నాలుగు వందల మీటర్లు. నీటిపారుదల శాఖలో ముప్పై మూడేళ్లు నదీమట్టాలు కొలిచి రిటైరైన దాన్ని. కొలబద్ద మీద కనబడిన అంకె రాయాలి తప్ప ఉండవలసిన అంకె రాయకూడదని నా కింద పనిచేసిన ప్రతివారికీ చెప్పాను. అందుకే ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను: ఆ ఇరవై ఆరు కిలోమీటర్లు వెళ్లడానికి నాకు నలభై ఎనిమిదేళ్లు పట్టింది.

పిలిచింది పార్వతమ్మగారు. ధాన్యం వ్యాపారి సావుకారు గున్నయ్యగారి భార్య. ఆయన పోయి చాలాకాలమైంది. ఆవిడకిప్పుడు ఎనభై ఎనిమిది. మనవడి చేత ఫోను చేయించింది: “దాసుగారి కూతుర్ని ఓసారి వచ్చి పొమ్మను. ఎక్కువ రోజులు ఆగొద్దని సెప్పు.” ఆ మాట విన్నాక రెండు రోజులు ఏ పనీ చేయలేకపోయాను. దుఃఖం కాదు. అలసట. పాత సంగతి ఏదైనా మళ్లీ ఎత్తుకోవాలంటే ఈ వయసులో ముందు వచ్చేది అదే.

మా నాన్న హరికథ దాసు. విజయనగరంలో మా ఇల్లు వీధిగుమ్మం నుంచి పెరటి నుయ్యి దాకా తొంభై రెండు అడుగుల పొడవు, పదహారడుగుల వెడల్పు. రైలుపెట్టె లాంటి ఇల్లు. తెల్లవారుజామున నాన్న ముందుగదిలో గొంతు విప్పితే ఆ స్వరం ఒక్కో గదీ దాటుకుంటూ పెరట్లోకి వచ్చేసరికి పల్చబడేది. నుయ్యి దగ్గర ముఖం కడుక్కుంటున్న నాకు ఆ పల్చదనాన్ని బట్టి ఆ రోజు ఆయన గొంతు ఎలా ఉందో తెలిసిపోయేది. మిరియాలూ శొంఠీ కలిపి కాచిన కషాయం వాసన, నిన్నటి కథలో వేసిన పూలదండ కొక్కేనికి వేలాడుతూ వాడిన వాసన, నువ్వులనూనె రాసిన చిరతల వాసన: మా పొద్దు ఆ మూడింటితో మొదలయ్యేది. మామ్మ, అంటే నాన్నగారి తల్లి, ముక్కుపొడుం పట్టు పట్టి, రెండుసార్లు తుమ్మి, అప్పుడు గాని మనుషులతో మాట్లాడేది కాదు. మూడో తుమ్ము వస్తే ఆ రోజు ఎవరో ఒకరికి తిట్లు తప్పవని ఇల్లంతా జాగ్రత్తపడేది.

మా అమ్మ నా చిన్నతనంలోనే పోయింది. ఆమె ఉన్నన్నాళ్లూ నాన్న కథల్లో వెనక గొంతు ఆమెది. పన్నెండో ఏట నుంచి నాది. శ్రుతిపెట్టె ముందు కూర్చుని, నాన్న ఊపిరి తీసుకున్న చోట నేను అందుకోవాలి. ఆయన జేబుగడియారం నా మోకాలి పక్కన ఉండేది; కథ ఎంతసేపైందో చూసేది నేనే. ఇవి ఏ దాసుగారింట్లోనైనా ఉండేవే. మా ఇంట్లో మాత్రం ఒక నియమం ఎక్కువగా ఉండేది. కథలో పడిపోయినవాణ్ణి లేపకుండా గజ్జె విప్పకూడదు. మంగళానికి ముందు ఒక చరణం పాడి, కథలో ప్రాణం పోయినవాడెవడైనా సరే వాణ్ణి మంచిగతికి పంపించాలి. దాన్ని లేపుడు చరణం అనేవారు. దాన్ని దాసు తనంత తాను ఎత్తుకోకూడదు. చచ్చిన పాత్ర ఇంకా ఆయన ఒంటిమీదే ఉంటుంది. చచ్చినవాడు తనను తాను లేపుకోలేడు కదా. వెనక గొంతే లేపాలి. ఆ చరణం వెంటనే మంగళం, హారతి. మన పురాణాల్లో దేవుడి చేతిలో చచ్చిన రాక్షసుడికైనా మోక్షం ఉంటుంది కాబట్టి ఈ నియమం ఎన్ని తరాలు గడిచినా ఎవరికీ అడ్డు రాలేదు. జర్మనీ పంతులు వచ్చేదాకా.

ఆ పంతుల్ని మా ఇంటికి తెచ్చినవారు మా పెరటిగదిలో అద్దెకుండే లెక్కల మాస్టారు. కాలేజీలో గణితం చెప్పేవారు. ఆ శాస్త్రంలోని పాత గ్రంథాలు మూలంలో చదవాలని నలభయ్యో ఏట జర్మన్ భాష మొదలుపెట్టిన మనిషి. కొత్తవలసలో రైలు మారుతూ ఒక పాత పుస్తకం కొన్నారు. లెక్కల పుస్తకమనుకున్నారట, తీరా చూస్తే కథ. అన్ని శాస్త్రాలూ చదివి, ఏదీ చాలక, సైతానుతో ఒప్పందం చేసుకున్న ఒక పండితుడి కథ. ఇరవై నాలుగేళ్లు సైతాను అతనికి సేవకుడై అడిగిందల్లా తెచ్చిపెట్టాలి. గడువు తీరాక అతని ఆత్మ సైతానుది. నెత్తురుతో సంతకం. సాయంత్రాలు మామ్మ పెరట్లో కూర్చుని చింతపండు గింజ తీస్తుంటే మాస్టారు రోజుకో రెండు పేజీలు తెలుగు చేసి చెప్పేవారు.

“ఆత్మని అమ్మీసినాడా?” అంది మామ్మ మొదటి రోజు. “ఏటి మాస్టారూ, సంతలో దూడనమ్మినట్టా?”

“అంతేనండి.”

“ఇరవై నాలుగేళ్లకి! బేరం తెలీని పంతులు. కొత్తిమీర కట్ట కొన్నా మూడుసార్లు వెనక్కి తిరిగి ఎల్లిపోతాం కదా, ఈడు ఒక్కమాటకే ఒప్పేసుకున్నాడు. అంత సదువుండి ఏటి లాభం?”

“తెలుసుకోవాలనే ఆత్రం అలాంటిదండి.”

“అయినా దెయ్యం కొనుక్కోడం ఏటండి? మన దెయ్యాలు పట్టుకుంటాయి గానీ కొనుక్కుంటాయా? అంత మర్యాద మన దెయ్యాలకి ఎక్కడిది?”

మేము నవ్వాము గాని, నాన్న నవ్వలేదు. ఆయన అరుగు చివర కూర్చుని వింటున్నారు. మామ్మ అన్న మాటే ఆయన్ని ఆ కథలోకి లాగిందని నా నమ్మకం. నిజమే, మన దగ్గర కీడు చేసేది ఏదైనా అడగకుండా వస్తుంది. కలి అంటే కాలు సరిగ్గా కడుక్కోనివాడిలో దూరతాడు, సంతకం అడగడు. ఆ జర్మనీ వాడు మాత్రం కుర్చీ వేసుకు కూర్చుని, షరతులు చదివి, ఇష్టమైతేనే పెట్టమంటాడు. తప్పంతా పెట్టినవాడిదే. సైతాను అన్న మాట నాన్నకు నోటికి రాలేదు, రాక్షసుడంటే తేలిపోతుంది, చివరికి ఆ పాత్రకు ‘బేరగాడు’ అని పేరు పెట్టారు. వారం తిరిగేసరికి బేరగాడి ప్రవేశానికి ఒక దరువు కట్టారు. ఆ దరువు వింటే ఒళ్లు గగుర్పొడిచేది. ఎందుకంటే అందులో భయపెట్టేది ఏమీ ఉండేది కాదు, పెళ్లి మాటలకు వచ్చిన మనిషి నడకలా ఉండేది.

అప్పటికి నాన్నకు నలభై తొమ్మిదేళ్లు. తారస్థాయి షడ్జం దగ్గర గొంతు జారడం మొదలైంది. అది నాకూ ఆయనకూ తెలుసు. ఒకరితో ఒకరం అనుకోలేదు. పెళ్లి కథలు చెప్పి చెప్పి జనానికి విసుగు వచ్చిందో ఆయనకే వచ్చిందో చెప్పలేను. కొత్త కథ ఒకటి నిలబడితే గొంతు తగ్గినా మాటతో ఇంకొన్నేళ్లు నెట్టుకురావచ్చునన్నది ఆయన ఆశ. ఆ ఆశతోనే ఏటేటా కథ చెప్పించే గున్నయ్యగారికి ఈసారి జర్మనీ పంతులి కథ చెబుతానని కబురు పెట్టారు. ఆయన బస్తాల పని మీద విజయనగరం వచ్చి, మా ముందుగదిలో కూర్చుని, కథంతా కాగితం పరీక్షించినట్టు విన్నారు.

“నెత్తురుతో సంతకమా దాసుగారూ? మరి సాక్షులెవులు?”

“సాక్షులు లేరండి.”

“సాక్షి లేని కాయితం ఏ కోర్టులో నిలుస్తాది? ఆ పంతులు ప్లీడరు దగ్గరికెల్తే ఒక్క వాయిదాలో కొట్టీసును.” కాసేపు తన మాటకు తానే నవ్వి, తరువాత గంభీరమయ్యారు. “కథ బాగున్నాది. గానీ ఆకరికి ఆడు ఏటవుతాడు?”

“గడువు తీరగానే బేరగాడు వచ్చి ఈడ్చుకుపోతాడు.”

“మరి లేపడమో?”

నాన్న కండువా సర్దుకున్నారు.

“సూడండి. మా లోగిట్లో ఆడోళ్లు, పసిపిల్లలు కూకుంటారు. మా అన్నయ్యకా ఆయాసం. పంతుల్ని మాత్రం బతికించీయండి. పిలిస్తే దేవుడు వస్తాడు కదా, మనకి కొత్తేటి? కాయితం తగలడిపోయిందని సెప్పండి. ఆ మాటివ్వండి, మిగతాదంతా మీ ఇష్టం.”

నాన్న మాట ఇచ్చారు. ఆ రాత్రే లేపుడు చరణం రాశారు. నాలుగు పాదాలు. పండితుడు చివరి క్షణంలో భగవంతుణ్ణి పిలుస్తాడు, పత్రం కాలిపోతుంది, బేరగాడు ఉత్తచేతులతో వెనుదిరుగుతాడు. మంచి చరణమే. నాకు నచ్చలేదు.

నాకు పదిహేడేళ్లు. మాస్టారి దగ్గర రేఖాగణితం చదువుతున్నాను; రుజువు కానిది రాయడం దొంగతనంతో సమానమని నమ్మే వయసు. “ఇరవై నాలుగేళ్లు అన్నీ అనుభవించి, ఆఖరి నిమిషంలో ఒక్క కేకతో తప్పించుకుంటే సంతకానికి విలువేముంది నాన్నా? అలాంటప్పుడు కథే అక్కర్లేదు” అన్నాను. మాస్టారు నన్ను వారించారనే చెప్పాలి. తరువాతి కాలంలో అదే దేశపు మహాకవి ఒకడు ఆ పండితుణ్ణి చివర రక్షించాడనీ, జీవితమంతా తపించినవాణ్ణి వదిలెయ్యకూడదని ఆ కవి అనుకున్నాడనీ, కాబట్టి రెండు ముగింపులూ సాహిత్యంలో ఉన్నవేననీ చెప్పారు. “అది కవి దయ మాస్టారూ. కథ కాదు” అన్నాను. ఎంత తేలికగా అన్నానో ఇప్పటికీ చెవిలో వినిపిస్తుంది.

నాన్న చిరతలకు నూనె రాస్తున్నారు. “నువ్వన్నది నిజమేనే ఛాయా” అన్నారు. “నాకూ అలాగే ఉన్నాది. కానీ మాటిచ్చేశాను. ఇంటి నియమమొకటి ఉన్నాది. నువ్వు ఎత్తుకో.”

“ఎత్తుకుంటాను” అన్నాను.

గున్నయ్యగారి లోగిలిలో కథ సాయంత్రం నాలుగూ ముప్పై అయిదుకు మొదలైంది. నాన్న గొంతు ఆ రోజు ఎలా కుదిరిందో నేను వివరించలేను. షడ్జం దగ్గరికి వెళ్లకుండానే, మధ్యస్థాయిలో, మాటకూ పాటకూ నడుమ ఎక్కడో నిలబడి ఆ పండితుడి ఒంటరితనాన్ని చెప్పారు. పుస్తకాలన్నీ చదివేసి ఇంక చదవడానికేమీ లేక దీపం ముందు కూర్చున్న మనిషి. నరసన్నపేటలో వడ్లు కొలిచే మనుషులు ఆ మనిషి కోసం ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. బేరగాడు వచ్చినప్పుడు మాత్రం వెనక నుంచి ఒకాయన ఉండబట్టలేక “ఒరే పంతులూ, పెట్టకురా!” అని అరిచాడు, అందరూ నవ్వారు, నాన్న ఆ నవ్వు అణిగేదాకా ఆగి, మెల్లగా వేలు కోసుకున్నట్టు అభినయించారు. లోగిలి చల్లబడిపోయింది. గడువు తీరే ఘట్టం వచ్చేసరికి దీపాలు పెట్టారు. పండితుడు గుమ్మం దాకా ఈడ్వబడి, గడప పట్టుకుని, వేళ్లు ఒక్కొక్కటే విడిపోయి, పోయాడు. నాన్న మోకాళ్లమీద ఉన్నారు. తల వంచి ఉన్నారు. గడియారంలో ఏడూ నాలుగు.

నేను ఎత్తుకోవాలి. మృదంగం ఆయన తాళం నడుపుతున్నాడు. ఒక ఆవర్తనం వెళ్లింది. నాన్న తల ఎత్తలేదు; చచ్చినవాడు ఎత్తకూడదు. రెండో ఆవర్తనం వెళ్లింది. మృదంగం ఆయన నా వైపు చూసి కనుబొమలు ఎగరేశాడు. నా నోట్లో మొదటి పాదం ఉంది, శ్రుతి ఉంది, గొంతుకు ఏ అడ్డూ లేదు. ఇది మరచిపోవడం కాదు, భయపడడం కాదు. అంత నిజంగా చచ్చినవాణ్ణి నాలుగు పాదాలతో లేపితే మా నాన్న చెప్పిన రెండున్నర గంటలూ అబద్ధమవుతాయని నాకు అనిపించింది. ఆయన కళను కాపాడుతున్నాననుకున్నాను. మూడో ఆవర్తనం కూడా వెళ్లాక నాన్న తల ఎత్తకుండానే కళ్లు మాత్రం తిప్పి నన్ను చూశారు. ఏమర్థమైందో, ఉన్నచోటే గజ్జెలు విప్పడం మొదలుపెట్టారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. హారతిపళ్లెం పట్టుకుని వచ్చిన పార్వతమ్మగారు సగం దారిలో ఆగిపోయి, ఎటు వెళ్లాలో తెలియక, వెలుగుతున్న కర్పూరంతోనే లోపలికి వెళ్లిపోయింది. తిరుగుబస్సులో నాన్న ఒక్కటే మాట అన్నారు: “బాగా వచ్చిందే కథ.”

పదకొండో రోజున గున్నయ్యగారి అన్నగారు పోయారు. అరవై రెండేళ్లవాడు, ఆయాసం మనిషి, ఆ ఏడు రెండుసార్లు విశాఖపట్నం ఆసుపత్రికి వెళ్లి వచ్చినవాడు. అయినా దాసు శవాన్ని లోగిట్లో వదిలేసి గజ్జె విప్పాడన్న మాట నరసన్నపేటలో బయలుదేరింది, శ్రీకాకుళం చేరింది, విజయనగరం చేరింది. కథలు ఖాయం చేసుకున్నవారు ఒక్కొక్కరుగా ‘ఈ ఏడు వద్దులెండి’ అన్నారు. ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. కాఫీ ఇచ్చి పంపించేవారు. మామ్మ మాత్రం మూడు తుమ్ముల కోపంతో నన్ను నిలదీసింది: “నీ నోరేటైపోయిందే ఆవేళ? మూగదానివా?” నాన్న అడ్డుపడ్డారు. “దానికి దగ్గు తెర అడ్డొచ్చిందమ్మా. అదేటి సేస్తాది?” అన్నారు. ఆ అబద్ధాన్ని ఆయన చివరిదాకా అలాగే ఉంచారు. నేను అడగలేదు, ఆయన అడగలేదు. ఆ తరువాతి జూన్‌లో నేను పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమాలో చేరాను. శ్రుతిపెట్టె ముందు మళ్లీ కూర్చోలేదు. నాన్న ముందుగదిలో చిన్నపిల్లలకు సరళీ వరసలు చెప్పుకున్నారు. తెల్లవారుజామున గొంతు విప్పడం మానేశారు. మాకు పొద్దు కషాయం వాసన లేకుండానే తెల్లవారడం అలవాటైంది.

ఇదంతా మనసులో ఉండగా నలభై ఎనిమిదేళ్ల తరువాత పార్వతమ్మగారి మంచం పక్కన కూర్చున్నాను. ఆ లోగిలి ఇప్పుడు లేదు. దాని మీద మూడంతస్తులు లేచాయి. ఆవిడ నా చెయ్యి పట్టుకుని చాలాసేపు తడిమింది.

“సాయవేనా? జుత్తంతా తెల్లబడిపోనాది కదమ్మా. ఒక మాట సెప్పీసి పోదామని పిలిచాను. ఆవేళ మీ నాన్న గజ్జెలు ఇప్పీసినాక, ఆరతిపళ్లెం అట్టుకుని వంటింట్లోకి ఎల్లినాను కదా. పొయ్యి కాడ కూకుని మంగళం నేనే పాడీసినాను. ఆ పంతులి పేరు తెలీదు. ‘జర్మనీ పంతుల్ని సల్లగా సూడు తండ్రీ’ అని ఆరతి కూడా ఇచ్చీసినాను. కథ ముగిసిపోయినట్టే.”

“మరి ఎవరికీ చెప్పలేదేం పిన్నిగారూ?”

“ఎలాగ సెప్తాను? పదకొండో నాటికి మా బావగారు పోనారు. మంగళం లేక పోనారని అందరూ మీ నాన్నని అంటున్నారు. నేను పాడినానంటే, పాడినా పోనాడంటే, మరి అది ఎవులి మీదకొస్తాది? ఆడది వంటింట్లో ఏదో సేసింది, అందుకే పోనాడంటారు. ఈ ఇంట్లో నాకు నిలవనీడ ఉండునా? ఊరుకున్నాను. మీ నాన్న మా వీధిలోంచి తలొంచుకుని ఎల్లడం కిటికీలోంచి ఒకసారి సూసినాను. అప్పుడూ ఊరుకున్నాను.” ఆవిడ ఏడవలేదు. ఏడ్చే ఓపిక ఇద్దరికీ లేదు. “తప్పే కదమ్మా?”

తప్పు కాదని అనలేదు. కానీ ఆవిడ తప్పు ఎంచే హక్కు నాకు లేదని మాత్రం చెప్పాను. ఆ సాయంత్రం నా గొంతుకు దగ్గు తెర ఏదీ అడ్డురాలేదని మొదటిసారి ఒక మనిషికి చెప్పాను. ఆవిడ విని, “తెలుసమ్మా. నీకెదురుగానే నిలబడ్డాను కదా” అంది. మనవడు మజ్జిగ తెచ్చాడు. తాగి, పన్నెండూ యాభైకి బయటికి వచ్చాను.

ఎండ తీవ్రంగా ఉంది. హైవే దగ్గర బస్సు కోసం ముప్పై అయిదు నిమిషాలు నిలబడ్డాను. ఇప్పటి పిల్లలకు ఆ నియమాలేవీ తెలియవు. కథలో ఎవరు ఎలా చచ్చినా చూసి, ఫోను పక్కన పెట్టి నిద్రపోతారు, ఎవరికీ ఏమీ కాదు. అది మేలో కాదో తేల్చడం నా వల్ల కాదు. నా వల్ల అయ్యేది కూడిక ఒక్కటే. నిలబడ్డంతసేపూ అది చేశాను.

ఆ సాయంత్రానికి ముందు ఏడాదిలో నాన్న చెప్పిన కథలు ముప్పై ఒకటి. తరువాతి ఏడాదిలో నాలుగు. ఆ పై ఏడాది నుంచి ఒక్కటీ లేదు. కథలు లేకుండా ఆయన బతికిన కాలం పదిహేడేళ్లు. జర్మనీ పంతులి కథ ఒక్కసారి చెప్పబడింది, రాతప్రతి మిగలలేదు. పార్వతమ్మగారు నోరు విప్పని కాలం నలభై ఎనిమిదేళ్లు. నేను పాడని కాలం కూడా అంతే. నేను ఎత్తుకోవలసింది నాలుగు పాదాలు. పాడడానికి పట్టే సమయం నిమిషమున్నర.